ఓడల పండుగలో పిల్లలకి ఏది చూపించాలి, ఏది వదిలేయాలి

రేవుకి వచ్చిన ఓడల్ని జనానికి చూపించే ఓడల పండుగకి పిల్లలతో వెళ్తున్నాం, ముందు ఏం చూడాలి అని ఎవరిని అడిగినా ఒకటే జవాబు వస్తుంది: "ముందు పెద్ద ఓడ ఎక్కేయండి, తర్వాత రద్దీ అయిపోతుంది." మేమూ మొదటిసారి అదే చేశాం. మా వాడికి అప్పుడు అయిదేళ్లు. గంటా పావు ఎండలో క్యూలో నిలబడి, ఎక్కాక డెక్ మీద ఇరవై నిమిషాలు తిరిగాం. వాడి ఎత్తుకి రెయిలింగ్ చెక్కలు తప్ప ఏమీ కనపడలేదు, ఎత్తుకుందామంటే వెనకవాళ్లు కదలండి, కదలండి అంటున్నారు. దిగేసరికి వాడు ఏడుపు మొహం పెట్టాడు. ఇంక ఇంటికి పోదాం అనుకుంటూ రేవు చివర ఒక బల్ల దగ్గర ఆగితే, అక్కడ కూర్చున్న పెద్దాయన వాడి చేతికి మూరెడు తాడు ఇచ్చి ముడి వేయడం నేర్పించడం మొదలుపెట్టాడు. నలభై నిమిషాలు వాడు అక్కణ్ణించి కదల్లేదు. ఆ ముడి ఇప్పటికీ మా ఇంట్లో కిటికీ ఊచలకి, కుర్చీ కాళ్లకి, ఒక్కోసారి వాళ్ల అక్క జడకి కూడా పడుతూనే ఉంటుంది.

పెద్ద ఓడ బాగుండదని కాదు. అదే ఓడ మీద మా అమ్మాయి (అప్పటికి పదేళ్లు) చుక్కాని చక్రం దగ్గర నిలబడి అడిగిన ప్రశ్నలకి అక్కడి కలాసీ ఓపిగ్గా జవాబులు చెప్పాడు, దానికి ఆ రోజంతా అదే పెద్ద సంగతి. ఒకే ఓడ, ఒకే రోజు, ఒకే ఇంటి పిల్లలు, ఒకరికి పండుగ, ఇంకొకరికి శిక్ష. అందుకే ఏది గొప్ప కార్యక్రమం అని కాకుండా మన పిల్లకి ఏది సరిపోతుంది అని చూసుకుంటే చాలా టెన్షన్ తగ్గుతుంది.

ముందు ఈ సంగతులు తేల్చుకోండి

మొదటిది, క్యూలో ఎంతసేపు, లోపల ఎంతసేపు. ఇది చాలామంది లెక్క వేసుకోరు. ఆరేళ్ల లోపు పిల్లలతో వెళ్తే, నిలబడే సమయం ఆడే సమయం కంటే ఎక్కువున్న దేన్నైనా నేను నిర్మొహమాటంగా వదిలేస్తాను.

రెండోది, చేతికి పని ఉందా లేదా. చూడటం, వినడం పెద్దవాళ్లకి చాలు. పిల్లలకి పట్టుకోవాలి, లాగాలి, తడపాలి, కొట్టాలి. రోజుకి ఒక్కటైనా అలాంటిది లేకపోతే మధ్యాహ్నానికి వాళ్లు చేతికి దొరికింది లాగడం మొదలుపెడతారు, అది ఎదుటివాళ్ల బ్యాగు కూడా కావచ్చు.

మూడోది, మధ్యలో బయటికి రాగలమా అన్నది. బల్ల దగ్గర ఆట అయితే ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచి రావచ్చు. పడవ ఎక్కాక అది తిరిగి రేవుకి చేరేదాకా మన చేతుల్లో ఏమీ లేదు. బాత్రూమ్ అవసరం ఎప్పుడొస్తుందో ముందే చెప్పలేని వయసు పిల్లలతో ఇది చిన్న విషయం కాదు.

ఇక నీళ్లు (మోత సంగతి ఫిరంగుల దగ్గర చెప్తాను). ఎంతమంది పెద్దవాళ్లు వెళ్తున్నారు, ఒక్కొక్కరి చేతికి ఎంతమంది పిల్లలు అనేది ఇంట్లోనే లెక్కపెట్టుకోండి. చాలా రేవుల్లో అంచుకి గోడ గానీ కంచె గానీ ఉండదు, ఓడలకి తాళ్లు కట్టాలి కాబట్టి ఉండే వీలు కూడా లేదు.

| ఏమిటి | ఏ వయసుకి బాగుంటుంది | క్యూ | చేతికి పని | మధ్యలో వచ్చేయొచ్చా |
|---|---|---|---|---|
| పెద్ద తెరచాప ఓడ ఎక్కడం | 7 దాటాక | ఎక్కువ | తక్కువ | కష్టం |
| ముడులు, సంకేతాల జెండాలు | 5 నుంచి పెద్దవాళ్ల దాకా | చాలా తక్కువ | పూర్తిగా | ఎప్పుడైనా |
| చెక్క పడవ తయారీ | 4–10, పక్కన పెద్దవాళ్లుంటే | ఓ మాదిరి | పూర్తిగా | వచ్చేయొచ్చు, పని సగంలో ఆగుతుంది |
| సముద్ర జీవుల తొట్టి | 3–9 | ఓ మాదిరి | ఉంది | ఎప్పుడైనా |
| పడవ షికారు | అందరికీ, జాకెట్ సరిపోతే | ముందే టికెట్ ఉంటే తక్కువ | లేదు | కుదరదు |
| చిన్న తెరచాప పడవ తామే నడపడం | 8 పైన, నీళ్లంటే భయం లేనివాళ్లు | పేరు రాయించుకోవాలి | పూర్తిగా | కుదరదు |
| సముద్రపు దొంగల ఆట, నిధి వేట | 3–7 | తక్కువ | సగం సగం | ఎప్పుడైనా |
| ఫిరంగులు, బాణసంచా | పిల్లని బట్టి | లేదు | లేదు | జనం ఉంటే కష్టం |

వయసులు నా అనుభవం కొద్దీ వేసినవి. మీ నాలుగేళ్ల పిల్ల కుదురుగా కూర్చుని ముడులు వేస్తుందంటే నా టేబుల్ పక్కన పెట్టేయండి.

పెద్ద ఓడ

ఇలాంటి పండుగలకి వచ్చే తెరచాప ఓడల్లో చాలావరకు కొత్త నావికులకి శిక్షణ ఇచ్చేవి. ఇటలీ నౌకాదళపు అమెరిగో వెస్పూచ్చి 1931లో జలప్రవేశం చేసింది, భారత నౌకాదళపు తరంగిణి 1997 నుంచి సేవలో ఉంది. వీటిలో ఏదైనా రేవుకి వచ్చిందంటే చూడటానికి జనం విరగబడతారు, పెద్ద పిల్లలున్నవాళ్లు ఆ క్యూ భరించడం దండగేమీ కాదు. తల పైకెత్తి ఆ తాళ్ల గుంపు చూసి, వీటిలో ఏది లాగితే ఏది కదులుతుంది అని పదేళ్ల పిల్ల అడగడం మొదలుపెడితే మీకు టికెట్ డబ్బులు తిరిగొచ్చినట్టే.

చిన్నపిల్లలతో అయితే ఇబ్బందులు ఇవి. స్ట్రోలర్ పైకి ఎక్కనివ్వరు. కింది గదుల్లోకి దిగే మెట్లు నిచ్చెనలా నిలువుగా ఉంటాయి, మెట్ల వైపే మొహం పెట్టి వెనక్కి దిగాలి, ఇంట్లో మెట్లు దిగినట్టు దిగితే జారతారు. చంకలో పిల్లనెత్తుకుని ఆ మెట్లు దిగే ప్రయత్నం చేయొద్దు, ఒకరు కింద నిలబడి అందుకోవాలి. యుద్ధనౌక అయితే వీటికి తోడు బ్యాగుల తనిఖీ, ఫొటోల మీద ఆంక్షలు కూడా ఉండొచ్చు.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఆటుపోట్లు గట్టిగా ఉండే రేవులో, గట్టు కదలదు, ఓడ నీళ్లతో పాటు లేస్తూ దిగుతూ ఉంటుంది. కాబట్టి ఓడ మీదికి వేసిన వంతెన వాలు పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఇంకోలా ఉంటుంది. చాలా తీరాల్లో పోటుకీ ఆటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు తేడా. మోకాళ్ల నొప్పులున్న తాతయ్యనో, అప్పుడే నడక వచ్చిన పాపనో తీసుకెళ్తుంటే వంతెన దాదాపు చదునుగా ఉన్న సమయంలో ఎక్కండి. రేవు వాళ్లని అడిగితే ఏ వేళకి వాలు తక్కువో చెప్తారు. నీటి మీద తేలే జెట్టికి కట్టిన పడవలతో ఈ గొడవ లేదు, జెట్టి కూడా వాటితో పాటే లేస్తుంది.

క్యూలో నిలబడక తప్పకపోతే పిల్లలకి చుట్టుపక్కల ఉన్న ఓడల పక్క భాగం మీద ఒక గుర్తు వెతకమనండి: గుండ్రటి వలయం, మధ్యలో అడ్డంగా గీత. సరుకు ఓడల మీద ఉంటుంది. ఓడలో ఎంత బరువు దాకా ఎక్కించొచ్చో చెప్పే గీత అది, శామ్యూల్ ప్లిమ్‌సోల్ అనే బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడి పోరాటం వల్ల 1876లో బ్రిటన్ చట్టం చేసింది. దాని పక్కన నిచ్చెన మెట్లలా ఉన్న చిన్న గీతలు వేసవికొకటి, చలికాలానికొకటి, మంచినీటికొకటి. మంచినీళ్లలో ఓడ ఉప్పునీళ్లలో కంటే కాస్త ఎక్కువ మునుగుతుంది కాబట్టి మంచినీటి గీత పైన ఉంటుంది. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు ఇది ఒకసారి తెలిశాక ప్రతి ఓడ దగ్గరా ఆగి వెతుకుతారు.

ముడులు, జెండాలు: నేనైతే ముందు ఇక్కడికే వెళ్తాను

బయటికి ఏమంత ఆర్భాటంగా కనపడదు, ఒక బల్ల, నాలుగు తాడు ముక్కలు, ఎండకి నల్లబడ్డ ఒక పాత నావికుడు, అంతే. కానీ క్యూ లేదు, ఖర్చు సాధారణంగా ఉండదు, నేర్చుకున్నది ఇంటికి వస్తుంది.

మా వాడు నేర్చుకున్నది బోలైన్ ముడి. నావికులు పిల్లలకి దీన్ని కుందేలు కథతో చెప్తారు: తాడులో చిన్న చుట్ట వేస్తే అది బొరియ, పొడుగ్గా పోయే తాడు చెట్టు, చేతిలో ఉన్న కొస కుందేలు. కుందేలు బొరియలోంచి పైకి వచ్చి, చెట్టు వెనకనించి చుట్టు తిరిగి, మళ్లీ బొరియలోకే దూకుతుంది. లాగితే బిగుస్తుంది. వాడు మొదటి మూడుసార్లు చెట్టు చుట్టూ తిప్పడం మర్చిపోయాడు, ముడి జారిపోయింది. పెద్దాయన ఏమీ అనలేదు, వాడి బొటనవేలు పట్టుకుని సరైన చోట పెట్టాడు. నాలుగోసారి ముడి నిలబడితే వాడు ఆ ఉచ్చులోకి తన కాలు పెట్టి ఊగి చూశాడు. ఈ ముడి గొప్పతనమే అది, ఎంత బరువు వేసినా ఉచ్చు బిగుసుకుపోదు, పని అయ్యాక సులువుగా విప్పేయొచ్చు.

అయిదేళ్ల లోపు వాళ్లకి దీనికంటే ఎనిమిది అంకె ఆకారం ముడి తేలిక. మందంగా ఉండే మెత్తటి తాడు అడగండి, సన్నతాడు చిన్న వేళ్లకి లొంగదు.

ఆ బల్ల దగ్గరే ఇంకో ప్రశ్న తప్పకుండా వస్తుంది: ఓడ వేగాన్ని నాట్స్ అని, అంటే ముడులని ఎందుకంటారు? నిజంగానే ముడులు లెక్కపెట్టేవాళ్లు. సమాన దూరాల్లో ముడులు వేసిన తాడుకి చెక్క కట్టి నీళ్లలోకి వదిలి, చిన్న ఇసుక గడియారం తిరగేసి, ఇసుక మొత్తం జారేలోపు చేతిలోంచి ఎన్ని ముడులు జారిపోయాయో అంత వేగం. ఇప్పుడు ఒక నాట్ అంటే గంటకి 1.852 కిలోమీటర్లు.

జెండాల బల్ల కాస్త చదవడం వచ్చిన పిల్లలకి. అంతర్జాతీయ సంకేతాల్లో ఇంగ్లిషు అక్షరాలకి 26 జెండాలు, ఇంకా అంకెలకి వేరేవి ఉన్నాయి. పిల్లలు తమ పేరుని జెండాల్లో రాసుకుని రంగులేసి తెచ్చుకుంటారు. అక్షరాలుగానే కాదు, ఒక్కో జెండా ఒంటరిగా ఎగిరితే ఒక్కో కబురు కూడా: ఎరుపు పసుపు ఏటవాలుగా ఉన్న "ఓ" జెండా అంటే మనిషి నీళ్లలో పడ్డాడని, నీలం మధ్యలో తెల్ల చతురస్రం ఉన్న "పి" జెండా రేవులో ఎగిరితే ఓడ బయల్దేరబోతోంది, అందరూ ఎక్కండని. ఒక్కటి ముందే చెప్పి ఉంచండి, పండుగ రోజు ఓడ ఈ చివర నుంచి ఆ చివర దాకా తోరణంలా కట్టే జెండాలు అలంకారానికే, వాటిలో కబురేమీ ఉండదు. మా అమ్మాయి అరగంట కూర్చుని వాటిని చదవబోయి ఉసూరుమంది.

చెక్క పడవ తయారీ

చెక్కముక్క, పుల్ల, గుడ్డముక్క, మేకులు ఇస్తారు. సుత్తి ఉంటుంది కాబట్టి ఒక పెద్దమనిషి చేతులు పూర్తిగా ఇక్కడే ఉండాలి, చంటిపిల్లని ఎత్తుకుని ఇది చేయించడం నా వల్ల కాలేదు. ముడుల బల్ల దగ్గర ఉన్నంత నేర్పేవాళ్లు కూడా ఇక్కడ ఉండరు, చాలాచోట్ల సామాను ఇచ్చి వదిలేస్తారు. తయారైన పడవని అక్కడికక్కడే తొట్టిలో తేలించే ఏర్పాటు ఉందా అని అడిగి మరీ ఎంచుకోండి. మా వాడి పడవకి తెరచాప మరీ పొడుగైపోయి నీళ్లలో పెట్టగానే పక్కకి ఒరిగింది. పక్కనున్న అమ్మాయి, పదహారేళ్లుంటాయేమో, దాని అడుగున ఒక ఇనుప బోల్టు బిగించి మళ్లీ పెట్టింది. నిలబడింది! బరువు కింద ఉంటే పడవ నిలుస్తుందని వాడికి ఇంకెవరూ పాఠం చెప్పక్కర్లేదు.

ముడులా, పడవా అని ఒకటే ఎంచుకోవాలంటే, ఇంటికి ఒక వస్తువు పట్టుకెళ్లాలని ముచ్చటపడే పిల్లకి పడవ, ఎలా అవుతుంది అని కుతూహలపడే పిల్లకి ముడులు.

సముద్ర జీవుల తొట్టి

మూడు నాలుగేళ్ల పిల్లలకి పండుగ మొత్తంలో ఇదే నా మొదటి ఎంపిక. నక్షత్ర చేపకి మెదడు లేదు, రక్తం కూడా లేదు, సముద్రపు నీళ్లనే ఒంట్లో తిప్పుకుంటూ వందలకొద్దీ చిన్న గొట్టపు కాళ్లతో నడుస్తుంది, అద్దానికి అంటుకున్నప్పుడు ఆ కాళ్లు ఒక్కొక్కటీ కదలడం కనిపిస్తుంది. చేతికి సన్‌స్క్రీన్, శానిటైజర్ ఉంటే ఆ జీవులకి హాని, ముందు మంచినీళ్లతో కడిగించండి. రెండు వేళ్లతో మెల్లగా తాకాలి, నీళ్లలోంచి పైకెత్తకూడదు. అయిపోయాక సబ్బుతో కడగాలి. అక్కడి వాళ్లు జీవుల్ని పైకెత్తి ఫొటోలకి పట్టుకోనిస్తుంటే నేను పిల్లల్ని తీసుకుని వచ్చేస్తాను, దానికంటే పిల్లలకి వేరే నేర్పాల్సిన పని లేదు.

నీళ్ల మీదికి: షికారా, తామే నడపడమా

షికారు పడవ పెద్దవాళ్లు, చిన్నవాళ్లు అందరూ కలిసి వెళ్లగలిగేది, కూర్చుని చూడొచ్చు, గట్టు మీంచి కనపడని ఓడల అసలు ఎత్తు నీళ్ల మీంచే తెలుస్తుంది. అమ్మమ్మ, తాతయ్య వస్తున్నారంటే పెద్ద ఓడ బదులు ఇదే. రెండేళ్ల లోపు పిల్లలకి పడవలో తిప్పడం, వాంతులు అరుదు, ఆపైన పన్నెండేళ్ల దాకా వాళ్లకే ఎక్కువ. పడవ నడిమధ్య కూర్చోబెట్టి దూరంగా నీళ్లూ ఆకాశం కలిసే గీతని చూడమనండి, ఫోన్ మాత్రం చేతికివ్వొద్దు.

తామే నడపడం అంటే చాలాచోట్ల ఆప్టిమిస్ట్ అనే బుల్లి పడవ. 1947లో అమెరికాలో క్లార్క్ మిల్స్ పిల్లల కోసమే గీసిన నమూనా, పొడవు దాదాపు 2.3 మీటర్లు, మూతి మొండిగా పెట్టెలా ఉంటుంది. పదిహేనేళ్ల లోపు పిల్లలు చాలామంది పోటీలు దీంట్లోనే మొదలుపెడతారు. పిల్ల ఒక్కతే చుక్కాని పట్టుకుని కూర్చున్నప్పుడు మొహంలో కనిపించే ఆ ధీమా ఇంకే కార్యక్రమంలోనూ నేను చూడలేదు. కానీ భయపడే పిల్లని ఒప్పించి ఎక్కించొద్దు. తీరంలో ఎండెక్కే కొద్దీ సముద్రం మీంచి గాలి పెరగడం మామూలు, అందుకని మొదటిసారి అయితే పొద్దుటి వేళకే పేరు రాయించండి.

రెండింటికీ లైఫ్ జాకెట్ సంగతి ఒకటే, ఇక్కడ మొహమాటపడొద్దు. లోపల చీటీ మీద ఎంత బరువున్న పిల్లలకని రాసి ఉందో చూడండి. నీళ్లలో పైకి తేల్చే శక్తిని న్యూటన్లలో రాస్తారు, 50 న్యూటన్లు అని ఉంటే అది ఈత వచ్చినవాళ్లకి సాయం మాత్రమే, ఈత రాని పిల్లకి 100 గానీ ఆపైన గానీ కావాలి, అవే మొహాన్ని పైకి తిప్పేలా తయారవుతాయి. తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి, జాకెట్ గడ్డం దాటి చెవుల దాకా లేస్తే అది పెద్దది. చిన్నపిల్లలకి కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ తప్పనిసరిగా ఉండాలి. మా పిల్ల సైజు లేదన్నారని మేము ఒకసారి టికెట్లు చేతిలో పెట్టుకుని పడవ వదిలేశాం. పిల్ల ఏడ్చింది, అయినా వదిలేయడమే సరైనది. గాలి ఊదే చేతి పట్టీలు, నీటి బొమ్మలు జాకెట్‌కి బదులు కావు.

దొంగల ఆట, నిధి వేట

చిన్నపిల్లలకి సరదా, రేవంతా నడిపిస్తుంది కాబట్టి దారిలో మిగతావి కూడా కనపడతాయి. మీసాలు, కత్తులు చూసి జడిసే పిల్లలుంటే దూరం నుంచే చూపించండి. ఎనిమిది దాటినవాళ్లకి చప్పగా ఉంటుంది.

ఫిరంగులు, బాణసంచా

హఠాత్తుగా పేలే మోతలకి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి 140 డెసిబెల్స్, పిల్లలకి 120 హద్దుగా చెప్పింది, అంటే మన చెవికి తట్టుకోదగ్గ మోత వాళ్ల చెవికి ఎక్కువే. దూదిని నమ్ముకోకండి, చెవులు పూర్తిగా కప్పే మఫ్లు తీసుకెళ్లండి. ఆరుబయట దూరం రెట్టింపు చేస్తే దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, కాబట్టి ముందు వరుస కోసం తాపత్రయపడక్కర్లేదు. దూరంగా ఉంటే ఒక ఆట కూడా ఉంది: పొగ కనపడగానే లెక్క మొదలుపెట్టి మోత వినపడేదాకా సెకన్లు లెక్కపెట్టమనండి, మూడు సెకన్లకి సుమారు ఒక కిలోమీటరు. మోతంటే భయపడే పిల్లకి కూడా, లెక్క తన చేతిలో ఉంటే ఆ భయం కొంత తగ్గడం చూశాను.

ఎవరికి ఏది

ఒక్కరే ఇద్దరు పిల్లలతో వెళ్తుంటే ముడులు, తొట్టి, నిధి వేట చాలు, పెద్ద ఓడ, సుత్తి పని ఇంకోసారికి. చంటిపాప ఉంటే స్ట్రోలర్ కంటే ఒంటికి కట్టుకునే క్యారియర్ నయం, రేవు నిండా తాళ్లూ ఇనుప కడియాలే. పదమూడు, పద్నాలుగేళ్ల వాళ్లని చిన్నపిల్లల బల్లల దగ్గర కూర్చోబెడితే మొహం మాడ్చుకుంటారు, వాళ్లకి ఆప్టిమిస్ట్ లేదా పెద్ద ఓడ, అక్కడి శిక్షణ కలాసీలతో మాట్లాడనివ్వండి, చాలామంది వాళ్లకంటే నాలుగైదేళ్లే పెద్ద. వయసులో తేడా ఉన్న పిల్లలుంటే ఇద్దరు పెద్దవాళ్లు రెండు గంటలు విడిపోయి, తర్వాత షికారు పడవ దగ్గర కలుసుకోండి. విడిపోయే ముందు ఒక ఓడ పేరో, పసుపురంగు క్రేనో గుర్తుగా పెట్టుకోవద్దు, ఓడ సాయంత్రానికి వెళ్లిపోవచ్చు, క్రేన్ జరగొచ్చు. కదలని భవనం చూసుకోండి, పిల్ల చేతి మీద మీ ఫోన్ నంబరు పెన్నుతో రాయండి.

మాకు కుదిరిన వరస ఇది: పొద్దున్నే గాలి, రద్దీ పెరగకముందు నీళ్ల మీదవి, ఎండ ముదిరాక నీడలో ముడులు, పడవ తయారీ, కాస్త నిద్రో విశ్రాంతో, చల్లబడ్డాక తొట్టి. పెద్ద ఓడ ఆఖరి గంటలో, లోపలికి వదలడం ఆపే సమయం ముందే కనుక్కుని, క్యూ పలచబడ్డప్పుడు. బాణసంచా చూడాలంటే బయటికి వెళ్లే దారి పక్కన నిలబడండి, అయిపోయాక అందరూ ఒకేసారి కదులుతారు, నిద్రపోయిన పిల్ల అప్పటికి మీ భుజం మీద ఉంటుంది.